విదేశీ బ్యాంకు బోర్డు తిప్పేస్తే మన డిపాజిట్ ఎవరిస్తారు? డబ్బు వేసే ముందే చూస్కోవాల్సినవి

మొన్న ఆదివారం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మా ఇంటికి భోజనానికొచ్చిన కుర్రాడు, మా ఆఫీసే, తెనాలి వాళ్ళది, పెరుగన్నం దగ్గరకి వచ్చేసరికి ఎడమ చేత్తో ఫోన్ తీసి నా కంచం పక్కన పెట్టాడు. "అన్నా, వన్ ఇయర్ ఫిక్స్‌డ్‌కి అందరికంటే ఈ బ్యాంకే ఎక్కువిస్తుంది, కానీ ఈ పేరు నేనెప్పుడూ వినలేదు, ఈ దేశం బ్యాంకు కూడా కాదంట, ఇల్లు కొందామని ఆరేళ్ళు కడుపు కట్టుకుని దాచిన డబ్బు, రేపు వాడు బోర్డు తిప్పేస్తే నా గతేంటి?" అన్నాడు.

ఈ ప్రశ్న నాకు ఏడాదికి ఐదారుసార్లు వస్తుంది, లండన్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళ నుంచి, జర్మనీలో చదువుకుంటున్న పిల్లల నుంచి, ఆఖరికి హైదరాబాద్‌లో ఉన్న మా బావ నుంచి కూడా, అందుకే ఒకేసారి కూర్చుని రాసేస్తున్నా. ముందే చెప్పేస్తా, బ్యాంకు ఏ దేశానిది అని అడిగితే సగం సమాధానమే వస్తుంది. మీ డబ్బు ఏ కంపెనీ పుస్తకాల్లో ఉంది, ఆ డిపాజిట్‌కి ఏ దేశపు ఇన్సూరెన్స్ స్కీమ్ జవాబుదారీ, ఈ రెండూ తెలిస్తే బ్యాంకు మునిగిన రోజు ఎవరి తలుపు కొట్టాలో మీకు ముందే తెలిసినట్టు.

2008 అక్టోబర్ సంగతి

ఈ తేడా ఎంత పనిచేస్తుందో చూడాలంటే ఐస్‌సేవ్ కథ తెలియాలి, ఇక్కడ పాతికేళ్ళ నుంచి ఉన్న మనవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్ళకి పేరు కూడా తెలీదు. లాండ్స్‌బాంకి అని ఐస్‌లాండ్ బ్యాంకు ఒకటి 2006 అక్టోబర్‌లో యూకేలో ఐస్‌సేవ్ పేరుతో ఆన్‌లైన్ సేవింగ్స్ ఖాతా మొదలెట్టింది. కౌంటర్ లేదు, క్యూ లేదు, వడ్డీ 2008 కల్లా 6 శాతం పైనే, ఎక్కువ వడ్డీ ఇచ్చే ఖాతాలని వరసగా చూపిస్తూ పేపర్లలో వచ్చే టాప్ టేబుల్స్‌లో ఎప్పుడూ పైవరసలోనే, ఇంకేం, జనం ఎగబడ్డారు. యూకేలోనే దాదాపు 3 లక్షల మంది ఖాతాదారులు. ఐస్‌లాండ్ దేశం మొత్తం జనాభానే అప్పటికి 3 లక్షల పైచిలుకు! అంటే ఆ దేశంలో ఉన్న పిల్లా పెద్దా అందరినీ లెక్కేస్తే ఎంతమందో, యూకేలో వాళ్ళ బ్యాంకులో డబ్బేసిన వాళ్ళు కూడా ఇంచుమించు అంతమంది. ఇప్పుడు చదివితే మనకి నవ్వొస్తుంది గానీ అప్పుడెవరికీ అనుమానం రాలేదు.

2008 అక్టోబర్ 7, మంగళవారం, లాగిన్ అవుదామని చూసినవాళ్ళకి ఐస్‌సేవ్ సైట్‌లో ఒక చిన్న నోటీసు కనిపించింది, ప్రస్తుతం డబ్బు వేయడం తీయడం రెండూ ఆపేశాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని. అంతే. ఐస్‌సేవ్ అనేది యూకేలో పెట్టిన కంపెనీ కాదు, ఐస్‌లాండ్ బ్యాంకుకి ఒక బ్రాంచి మాత్రమే. అప్పట్లో యూరోపియన్ ఎకనామిక్ ఏరియాలో పాస్‌పోర్ట్ అనే పద్ధతి ఉండేది, ఒక దేశంలో లైసెన్స్ ఉన్న బ్యాంకు వేరే దేశంలో బ్రాంచి తెరుచుకోవచ్చు, కానీ డిపాజిట్ గ్యారంటీ మాత్రం సొంత దేశానిదే. ఐస్‌లాండ్ స్కీమ్ ఇచ్చేది మనిషికి 20,887 యూరోల దాకా. దాని పైన బ్రిటన్ స్కీమ్ పరిమితి వరకు యూకే వాళ్ళు కలుపుతారని ఒప్పందం, ఆ పరిమితి సరిగ్గా అదే రోజు 35,000 పౌండ్ల నుంచి 50,000కి పెరిగింది. అంటే ఎవరికైనా 70,000 పౌండ్లు ఉన్నాయనుకోండి, మొదటి ముక్క ఐస్‌లాండ్‌లో అడగాలి, రెండో ముక్క లండన్‌లో, మిగిలిన 20,000 దేవుడి దగ్గర.

మర్నాడు ఆర్థిక మంత్రి అలిస్టర్ డార్లింగ్ చిన్న ఖాతాదారులందరికీ పూర్తిగా ఇచ్చేస్తాం అని ప్రకటించాడు కాబట్టి బతికిపోయారు. మంత్రి నిర్ణయం కాబట్టి వచ్చింది, చట్టంలో ఉంది కాబట్టి కాదు, ఈ తేడా గుర్తుపెట్టుకోండి. అదే రోజు బ్రిటన్ ప్రభుత్వం 2001 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం వాడి లాండ్స్‌బాంకి ఆస్తులు స్తంభింపజేసింది, మమ్మల్ని టెర్రరిస్టుల్లా చూశారని ఐస్‌లాండ్ వాళ్ళు మండిపడ్డారు. ఆ తర్వాత బ్రిటన్, నెదర్లాండ్స్ కలిసి ఆ డబ్బు మాకు కట్టండి అని ఐస్‌లాండ్‌ని అడిగితే అక్కడి జనం 2010లో ఒకసారి, 2011లో ఇంకోసారి ఓటేసి మరీ మేం కట్టం అన్నారు. 2013 జనవరిలో ఐస్‌లాండ్ లాంటి దేశాల మీద ఇలాంటి కేసులు చూసే ఈఎఫ్‌టీఏ కోర్టు కూడా ఐస్‌లాండ్ వైపే తీర్పిచ్చింది. స్కీమ్ ఉంటే చాలదు, బ్యాంకు దేశమంత పెద్దదైపోతే ఆ స్కీమ్‌లో డబ్బుండాలి కదా! చివరికి మునిగిన బ్యాంకు ఆస్తులు అమ్మగా అమ్మగా ఆ బాకీ తీరేసరికి 2016 వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. అదే వారం కౌప్తింగ్ అనే ఇంకో ఐస్‌లాండ్ బ్యాంకు కూడా పోయింది. దాని ఆన్‌లైన్ ఖాతా పేరు కౌప్తింగ్ ఎడ్జ్, అది కూడా టాప్ టేబుల్స్‌లో ఉండేదే, అదే రకం వడ్డీ, అదే దేశం. కానీ దాన్ని నడిపింది కౌప్తింగ్ సింగర్ అండ్ ఫ్రీడ్‌లాండర్ అని యూకేలో రిజిస్టరైన కంపెనీ, యూకే లైసెన్స్, యూకే స్కీమ్. అక్టోబర్ 8న ఆ డిపాజిట్లు ఉన్నపళంగా ఐఎన్‌జీ డైరెక్ట్‌కి మార్చేశారు, చాలామందికి లాగిన్ పేజీ మీద బ్యాంకు పేరు మారడం తప్ప ఇంకేం జరగలేదు. అదే గ్రూపుకి ఐల్ ఆఫ్ మాన్‌లో ఇంకో కంపెనీ ఉండేది, దాదాపు అదే పేరు, కానీ ఐల్ ఆఫ్ మాన్ యూకే స్కీమ్‌లో లేదు, అక్కడి డిపాజిటర్లు వాళ్ళ ద్వీపం స్కీమ్ కోసం, అది దాటినవాళ్ళు లిక్విడేటర్ (మునిగిన బ్యాంకు ఆస్తులు అమ్మి పంచేవాడు) విడతలు విడతలుగా ఇచ్చే డబ్బు కోసం ఏళ్ళు ఎదురుచూశారు. ఒకే గ్రూపు, రెండు కంపెనీలు, రెండు తలరాతలు.

ముందు కంపెనీ పేరు పట్టుకోండి

యూకేలో ఉన్నవాళ్ళు చేయాల్సింది ఇది. బ్యాంకు వెబ్‌సైట్ తెరిచి వడ్డీ రేటు చూడకుండా (కష్టమే, తెలుసు) నేరుగా కిందకి జరపండి, బూడిద రంగులో చీమ తలకాయలంత అక్షరాలుంటాయి, అక్కడ పూర్తి కంపెనీ పేరు, చివర్లో లిమిటెడ్ అనో పీఎల్‌సీ అనో, పక్కన బ్యాంకులకి లైసెన్స్ ఇచ్చే ప్రుడెన్షియల్ రెగ్యులేషన్ అథారిటీ అనుమతి ఉంది అనే వాక్యం, ఫర్మ్ రిఫరెన్స్ నంబర్ అని ఆరేడు అంకెలు ఉంటాయి. ఆ నంబర్ కాపీ చేసుకుని ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ రిజిస్టర్‌లో కొట్టండి. అక్కడ అదే పేరు రావాలి, డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉండాలి, కింద ట్రేడింగ్ నేమ్స్ అని ఆ కంపెనీ ఏయే పేర్లతో వ్యాపారం చేస్తుందో ఉంటుంది. ఆ తర్వాత ఎఫ్ఎస్‌సీఎస్ (అదే, పైన చెప్పిన యూకే డిపాజిట్ గ్యారంటీ స్కీమ్) సైట్‌లో ప్రొటెక్షన్ చెకర్ ఉంది, బ్యాంకు పేరు, ఎంత డబ్బో కొడితే ఎంతవరకు కవర్ అవుతుందో చెప్తుంది. మొత్తం పది నిమిషాల పని, టీ చల్లారేలోపు అయిపోతుంది.

ఒక హెచ్చరిక, రిజిస్టర్‌కి మీరే టైప్ చేసుకుని వెళ్ళండి, ఎవరో పంపిన ఈమెయిల్‌లో లింక్ నొక్కి కాదు. నిజం బ్యాంకు పేరు, నిజం నంబర్ వాడుకుని ఫోన్ నంబర్ ఒక్కటి తమది పెట్టి ఫిక్స్‌డ్ బాండ్లు అమ్మే దొంగలున్నారు, క్లోన్ ఫర్మ్‌లు అంటారు వాళ్ళని, బ్రోషర్ మీద ఎఫ్ఎస్‌సీఎస్ లోగో కూడా చక్కగా అచ్చేస్తారు. రిజిస్టర్‌లో ఉన్న ఫోన్ నంబర్‌కి మీరే చేసి అడగండి. అలాంటి వాళ్ళకి పంపిన డబ్బుకి ఏ డిపాజిట్ స్కీమూ వర్తించదు ఎందుకంటే అది అసలు బ్యాంకులో పడనే లేదు.

మన బ్యాంకుల పేర్లే ఉదాహరణకి తీస్కుందాం. లండన్‌లో ఎస్‌బీఐ బోర్డు చూసి మనదేలే అనుకుంటాం, కానీ 2018 ఏప్రిల్ నుంచి ఇక్కడి రిటైల్ బ్యాంకింగ్ స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా యూకే లిమిటెడ్ అనే వేరే కంపెనీ కింద నడుస్తుంది. ఐసీఐసీఐ బ్యాంక్ యూకే పీఎల్‌సీ, బ్యాంక్ ఆఫ్ బరోడా యూకే లిమిటెడ్, ఇవీ అంతే, ముంబైలో ఉన్న తల్లి బ్యాంకుకి పిల్ల కంపెనీలు కానీ ఇక్కడ లైసెన్స్ ఉన్న ఇక్కడి బ్యాంకులు. వీటిలో పౌండ్లలో వేసిన సేవింగ్స్ డబ్బుకి ఎఫ్ఎస్‌సీఎస్ గ్యారంటీ హై స్ట్రీట్ బ్యాంకులకి ఎంతో వీటికీ అంతే, పైసా తక్కువ కాదు. కాబట్టి మా తెనాలి కుర్రాడి భయం సగం అక్కడే తీరిపోయింది, వాడు చూపించిన బ్యాంకు కూడా పేరు పరదేశందే గానీ రిజిస్టర్‌లో యూకే లిమిటెడ్ కంపెనీ.

మరి బ్రాంచి అయితే? ఐస్‌సేవ్ లాంటి పాస్‌పోర్ట్ వ్యవహారం 2020 డిసెంబర్ 31తో అయిపోయింది, బ్రెగ్జిట్ పుణ్యం. ఇప్పుడు విదేశీ బ్యాంకుకి యూకేలో బ్రాంచి ఉండి అది ఇక్కడ డిపాజిట్లు తీసుకుంటే వాటికీ ఎఫ్ఎస్‌సీఎస్ వర్తిస్తుంది. తేడా ఎక్కడొస్తుందంటే పరిమితి దాటిన డబ్బు దగ్గర, బ్రాంచి అంటే తల్లి బ్యాంకులో భాగమే కదా, ఆ మిగిలిన సొమ్ము కోసం ఆ దేశం కోర్టుల్లో, ఆ దేశం లిక్విడేటర్ల ముందు వరసలో నిలబడాలి. నా లెక్కలో పరిమితి లోపల వేసేవాళ్ళు ఈ తేడా గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు, పరిమితి దాటి వేసేవాళ్ళు అసలు అలా వేయకూడదు.

ఎన్ఆర్ఈ దగ్గర పడే గొయ్యి

మనవాళ్ళు ఎక్కువగా బోర్లా పడేది ఇక్కడే, నేనూ పడబోయాను. 2018లో ఒక శనివారం, వెంబ్లీ వైపు పనుండి వెళ్ళి దారిలో ఒక భారతీయ బ్యాంకు కౌంటర్‌కి వెళ్ళా, ఆ బ్యాంకు పేరెందుకులెండి. కౌంటర్‌లో కూర్చున్న అబ్బాయి చాలా మర్యాదస్తుడు, సార్ పౌండ్లలో ఎందుకు, రూపాయల్లో వేస్తే ఏడు శాతం, ఇండియాలో టాక్స్ కూడా లేదు, ఇక్కడ ఉన్న ప్రొటెక్షన్ దీనికీ ఉంది, ఫుల్ సేఫ్ అని ఫారం చేతిలో పెట్టాడు. కౌంటర్ అద్దం మీద ఎఫ్ఎస్‌సీఎస్ స్టిక్కర్ కూడా కళ్ళ ముందే ఉంది. ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద పరిచి సంతకం పెడదామనుకుంటుంటే మా ఆవిడ పప్పు తాలింపు వేస్తూ ఒక్కసారి వంగి చూసి, "ఏవండీ, ఇందులో బ్రాంచి దగ్గర బంజారాహిల్స్ అనుంది, లండన్ అని లేదు కదా?" అంది.

చూస్తే అది ఎన్ఆర్ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్, అంటే బయట దేశాల్లో ఉన్న మనవాళ్ళు ఇండియా బ్యాంకులో రూపాయల్లో పెట్టుకునేది. ఫారం ఇచ్చింది లండన్ కౌంటర్‌లో, డబ్బు వెళ్ళి కూర్చునేది ఇండియాలో ఉన్న తల్లి బ్యాంకు పుస్తకాల్లో, దానికి ఎఫ్ఎస్‌సీఎస్‌తో ఏ సంబంధమూ లేదు. ఇండియాలో బ్యాంకు డిపాజిట్లకి ఇన్సూరెన్స్ ఇచ్చేది రిజర్వ్ బ్యాంక్ అనుబంధ సంస్థ డీఐసీజీసీ, అప్పట్లో దాని పరిమితి లక్ష రూపాయలు! 1993 నుంచి అదే లక్ష, 2020 ఫిబ్రవరి 4 నుంచే 5 లక్షలైంది. ఆ అబ్బాయి కావాలని అబద్ధం చెప్పాడని నేననుకోను, పాపం అతనికే తెలీదేమో, కానీ నష్టమొస్తే మునిగేది అతను కాదు కదా.

ఎన్ఆర్ఈలు వద్దని నా ఉద్దేశం కాదు, నాకూ ఉన్నాయి. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ (ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకునేది), ఎఫ్‌సీఎన్ఆర్ (విదేశీ కరెన్సీలో వేసేది) ఏదైనా సరే అది ఇండియా డిపాజిట్, దానికి ఒక బ్యాంకులో ఒక మనిషికి అన్ని బ్రాంచిలూ కలిపి, అసలూ వడ్డీ కలిపి 5 లక్షల రూపాయలే గ్యారంటీ, అది తెలిసి వేయండి. అదే బ్యాంకులో మీరు–మీ ఆవిడ అని ఒక జాయింట్, ఆవిడ–మీరు అని పేర్లు తిరగేసి ఇంకో జాయింట్ ఉంటే డీఐసీజీసీ వాటిని వేర్వేరుగా లెక్కేస్తుంది, ఇది చాలామందికి తెలీదు. ఇంకోటి, ఆ బ్యాంకులోనే మీకు అప్పుంటే అది మినహాయించుకుని ఇస్తారు.

ఈ మధ్య గిఫ్ట్ సిటీ డాలర్ డిపాజిట్లు అని వాట్సాప్‌లో తెగ తిరుగుతున్నాయి. గుజరాత్ గిఫ్ట్ సిటీలో బ్యాంకులు విదేశీ కరెన్సీ వ్యాపారానికి విడిగా నడిపే ఐఎఫ్ఎస్‌సీ యూనిట్లలో వేసే డిపాజిట్లకి డీఐసీజీసీ ఇన్సూరెన్స్ లేదు. అలాగే భారతీయ బ్యాంకుకి వేరే దేశంలో ఉన్న బ్రాంచిలో వేసిన డబ్బుకీ డీఐసీజీసీ రాదు, ఇండియా బయట తీసుకున్న డిపాజిట్లు దాని పరిధిలోనే లేవు, ఆ దేశంలో ఏం స్కీమ్ ఉందో అదే దిక్కు. బ్యాంకు ప్రభుత్వానిదా ప్రైవేటుదా అన్నది వేరే చర్చ, ఇన్సూరెన్స్ లేదు అంటే లేదు.

ఎంత వేయాలి

యూకేలో ఎఫ్ఎస్‌సీఎస్ పరిమితి 2025 డిసెంబర్ 1 నుంచి 1,20,000 పౌండ్లు, అంతకుముందు 85,000. ఇది ఒక మనిషికి, ఒక లైసెన్స్‌కి. లైసెన్స్ అన్న మాట దగ్గర ఆగండి. హెచ్ఎస్‌బీసీ, ఫస్ట్ డైరెక్ట్ రెండు బ్యాంకుల్లా కనిపిస్తాయి కానీ లైసెన్స్ ఒకటే, హాలిఫాక్స్, బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ కూడా అంతే. రెండింట్లో లక్ష చొప్పున వేస్తే 80,000 బయటే ఉన్నట్టు. రిజిస్టర్‌లో ట్రేడింగ్ నేమ్స్ చూడమన్నది ఇందుకే. జాయింట్ ఖాతాలో సగం సగం లెక్క, భార్యాభర్తలకి కలిపి 2,40,000.

వడ్డీ కూడా ఆ పరిమితిలోనే. 1,18,000 పౌండ్లు ఏడాదికి 4.5 శాతానికి వేశారనుకోండి, చివర్లో 1,23,310 అవుతుంది, ఏడాది ఆఖర్లో బ్యాంకు పోతే ఆ 3,310 గాల్లోనే. అదే 1,14,000 వేస్తే 1,19,130, హాయిగా లోపలే. కాస్త చోటు వదలండి, బియ్యం డబ్బాలో బియ్యం మూత దాకా పోయం కదా.

ఇల్లు అమ్మిన డబ్బో, వారసత్వంగా వచ్చిందో, ఉద్యోగం తీసేసినప్పుడు ఇచ్చిందో ఒకేసారి పెద్ద మొత్తం పడితే ఆరు నెలల పాటు 14 లక్షల పౌండ్ల దాకా తాత్కాలిక రక్షణ ఉంది, కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలతో చూపించాలి, అవి దాచుకోండి. మీరు ఇండియన్ పాస్‌పోర్ట్ మీద వర్క్ వీసాతో ఉన్నా ఇవన్నీ మీకూ వర్తిస్తాయి, పౌరసత్వం ఎవరూ అడగరు.

పాతవాళ్ళు కొందరు ఇప్పటికీ బీసీసీఐ సంగతి చెప్తారు, క్రికెట్ బోర్డు కాదండోయ్, 1991 జూలై 5న మూతపడిన బ్యాంకు. మన ఉపఖండం వాళ్ళ చిన్న చిన్న షాపుల డబ్బు దాంట్లో చాలా ఉండేది. అప్పటి యూకే స్కీమ్ మొదటి 20,000 పౌండ్లలో 75 శాతమే ఇచ్చేది, అంటే ఎంతున్నా 15,000 దాటదు. ఆ బ్యాంకు బొంబాయి బ్రాంచిని మాత్రం ఎస్‌బీఐ తీసుకుని పిల్ల బ్యాంకుగా నడిపింది. ఇప్పటి పరిమితులు వాళ్ళతో పోలిస్తే ఎంతో నయం.

ఇంకో మాట, ఫోన్‌లో ఉన్న ప్రతి యాప్ బ్యాంకు కాదు. వైజ్ లాంటివి ఈ-మనీ సంస్థలు, మీ డబ్బుని వేరుగా పెట్టాలి అనే రూల్ ఉంది గానీ ఎఫ్ఎస్‌సీఎస్ డిపాజిట్ గ్యారంటీ లేదు. ఇంటికి పంపడానికి వాడండి, బాగా పనిచేస్తాయి, కానీ ఇల్లు కొనడానికి దాచిన డబ్బు మొత్తం, మారకం రేటు పెరుగుతుందని నెలల తరబడి అక్కడ నిలవ పెట్టకండి. అలాగే నాలుగైదు బ్యాంకుల ఖాతాలు ఒకేచోట చూపించే సేవింగ్స్ ప్లాట్‌ఫాంలుంటాయి, అందులో వేస్తే మీ డబ్బు వెనకాల ఏ బ్యాంకులో పడుతుందో చూడండి, అదే బ్యాంకులో మీకు నేరుగా ఖాతా ఉంటే రెండూ కలిపే లెక్క.

వేరే దేశాల్లో ఉన్నవాళ్ళకి

జర్మనీలో, ఐర్లాండ్‌లో, ఈయూలో ఎక్కడున్నా పరిమితి లక్ష యూరోలు, కానీ అక్కడ ఇంకా పాత పాస్‌పోర్ట్ పద్ధతే, బ్రాంచి అయితే గ్యారంటీ సొంత దేశానిది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలవగానే స్బెర్‌బ్యాంక్ యూరప్ పోయింది, రష్యా బ్యాంకుకి వియన్నాలో పెట్టిన పిల్ల కంపెనీ అది, డబ్బేసిన వాళ్ళలో ఎక్కువమంది మాత్రం జర్మనీ వాళ్ళు. వాళ్ళకి బాధ్యత పడింది రష్యా మీదా కాదు జర్మనీ మీదా కాదు, ఆస్ట్రియా స్కీమ్ మీద. కాబట్టి బెర్లిన్‌లో ఉన్న పిల్లలు ఏదైనా ఆన్‌లైన్ బ్యాంకులో వేసేముందు ఏ దేశం స్కీమ్ అని ఒక్కసారి చూడండి, ఐస్‌లాండ్ పాఠం అక్కడింకా పాతబడలేదు.

అమెరికాలో డిపాజిట్ ఇన్సూరెన్స్ ఇచ్చే సంస్థ ఎఫ్‌డీఐసీ, దాని పరిమితి రెండున్నర లక్షల డాలర్లు. విదేశీ బ్యాంకుల అమెరికా బ్రాంచిల్లో చాలావాటికి ఎఫ్‌డీఐసీ ఉండదు, అక్కడ పెట్టిన పిల్ల కంపెనీలకే ఉంటుంది, మెంబర్ ఎఫ్‌డీఐసీ అనే ముక్క ఉందా, వాళ్ళ సైట్‌లో బ్యాంకు పేరుందా చూస్కోండి. అమెరికా బ్యాంకైనా సరే డబ్బు బయట బ్రాంచిలో ఉంటే లాభం లేదు. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ మునిగినప్పుడు అమెరికాలో ఉన్న డిపాజిటర్లందరికీ, పరిమితి దాటినవాళ్ళతో సహా, ప్రభుత్వం పూర్తిగా ఇచ్చింది, కానీ అదే బ్యాంకు కేమన్ ఐలాండ్స్ బ్రాంచిలో వేసినవాళ్ళకి మీకు ఇన్సూరెన్స్ లేదు, మిగతా అప్పులవాళ్ళతో పాటు లైన్లో ఉండండి అన్నారు. ఇక్కడ యూకేలో ఆ బ్యాంకుకి వేరే కంపెనీ ఉండేది, దాన్ని హెచ్ఎస్‌బీసీ ఒక్క పౌండుకి కొనేసింది, ఖాతాదారుల డబ్బు చెక్కుచెదరలేదు. మళ్ళీ అదే, ఒకే పేరు, మూడు చోట్లు, మూడు రకాలు.

హైదరాబాద్‌లో మా బావ అడిగింది దీనికి తిరగేసిన ప్రశ్న. "ఒరేయ్, నాది హెచ్ఎస్‌బీసీలో ఉంది కదా, అది లండన్ బ్యాంకు కదా, ఏమన్నా అయితే మీ వాళ్ళు ఇస్తారు కదా?" అని. ఇవ్వరు బావా. ఇండియాలో విదేశీ బ్యాంకులు తీసుకున్న డిపాజిట్లకి డీఐసీజీసీనే, ఆ 5 లక్షలే. డీబీఎస్ కూడా అంతే, 2020లో లక్ష్మీ విలాస్ బ్యాంక్ దాంట్లో కలిసింది కదా, సింగపూర్ పేరున్నా సింగపూర్ స్కీమ్ ఇక్కడికి రాదు.

నిజంగా మునిగిన రోజు

యూకేలో అయితే పరిగెత్తక్కర్లేదు, ఫారాలు నింపక్కర్లేదు. ఎఫ్ఎస్‌సీఎస్ బ్యాంకు దగ్గర ఖాతాదారుల జాబితా తీసుకుని మామూలు ఖాతాలకి ఏడు పని దినాల్లో పంపించేలా చూస్తుంది. మీకు అక్కడ అప్పు కూడా ఉంటే అది దీంట్లో మినహాయించరు, ఇండియాకి ఇది తేడా. ఫీజు కట్టండి, పిన్ చెప్పండి అని ఎవరైనా ఫోన్ చేస్తే అది ఎఫ్ఎస్‌సీఎస్ కాదు, పెట్టేయండి.

ఆలస్యం ఎక్కడవుతుందంటే మన పేర్ల దగ్గర. బ్యాంకు ప్రతి ఖాతాదారుకి ఒకే లైన్లో పేరు, అడ్రస్, మొత్తం డబ్బు చూపించే ఫైల్ తయారుగా ఉంచాలి. మనకేమో పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు విప్పి రాసి ఉంటుంది, ఒక ఖాతాలో ఒక్క అక్షరంగా ఉంటుంది, ఇంకో ఖాతాలో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. కంప్యూటర్‌కి అవి ఇద్దరు మనుషులు. అద్దె ఇళ్ళు మారి మారి పాత అడ్రస్ అలాగే వదిలేసిన వాళ్ళైతే చెప్పక్కర్లేదు, చెక్కు పాత ఇంటికి పోతుంది. కాబట్టి ఈ వారమే ఒకసారి లాగిన్ అయి పేరు, అడ్రస్, ఫోన్ సరిచేసి ఒక స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దించి వేరేచోట పెట్టుకోండి, బ్యాంకు సైట్ ఆగిపోయాక అది దొరకదు.

ఇండియాలో రిజర్వ్ బ్యాంక్ ఆంక్షలు పెడితే 2021 సవరణ ప్రకారం 90 రోజుల్లో డీఐసీజీసీ 5 లక్షల దాకా ఇవ్వాలి, మొదటి 45 రోజుల్లో బ్యాంకు జాబితా ఇవ్వాలి, దానికి మీరు ఒప్పుకుంటున్నట్టు కాగితం, డబ్బు వేయడానికి ఇంకో బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలి. విదేశంలో ఉన్నవాళ్ళు ఇండియాలో ఒకే ఒక్క బ్యాంకు ఖాతా పెట్టుకుంటే ఇక్కడ ఇరుక్కుంటారు, చిన్నదైనా రెండోది ఉంచండి.

మా కుర్రాడు ఆ రోజు సాయంత్రం వెళ్ళేముందే రిజిస్టర్‌లో నంబర్ కొట్టి చూశాడు. దాచింది 1,31,000 పౌండ్లు. 1,14,000 ఆ బ్యాంకులో ఏడాదికి, మిగతాది వాళ్ళావిడ పేరు మీద వేరే లైసెన్స్ ఉన్న బ్యాంకులో, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా. చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగి, "అన్నా, మరి నాన్నగారు నా పేరున ఎన్ఆర్ఈలో 12 లక్షలు ఒకేచోట వేశారు, అది?" అన్నాడు. లోపలికి రా, టీ పెడతాను అన్నాను.